కార్తీకంలో లేచే గీత

పేదవాళ్లు జబ్బు ముదిరాకే ఆస్పత్రికి ఎందుకొస్తారో కనిపెట్టడం నా ఉద్యోగం. డాక్టరు చదువు చదివి, ఆ మీద పరిశోధనలో పడి, ఇన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఈ రంగంలో నాకు ఒళ్లు మండించే మాట ఒకటుంది: అవగాహన. ఏసీ హాల్లో కూర్చున్న ప్రతి పెద్దమనిషీ చివరికి తేల్చేది అదే. వాళ్లకు అవగాహన లేదట. ఆ మాట అనేసి భోజనానికి లేస్తారు.

విజయవాడలో నేను మొదట చేరిన ఆస్పత్రిలో మా విభాగానికి పెద్దగా ఉన్నాయన ఆ మాటను గుత్తకు తీసుకున్నారు. ఆయన దగ్గర ఒక గ్రాఫు ఉండేది. కొల్లేటి వైపు నుంచీ, ఊళ్లోని చేపల పేటల నుంచీ రొమ్ములో గడ్డలతో వచ్చే ఆడవాళ్ల లెక్క నెలనెలా అందులో గీసేవారు. దీపావళి వెళ్లగానే గీత నిట్టనిలువునా లేస్తుంది, నెల తిరిగేసరికి పడిపోతుంది. ఏటా అదే వరస. దీనికి ఆయన ఓసారి చలి అన్నారు, ఓసారి ఒంటికి ఎండ తగలకపోవడం అన్నారు, ఆ తరువాత కాలవ నీళ్లలో ఏదో ఉందన్నారు. సీసాల్లో నీళ్లు పట్టి తెప్పించి పరీక్షలు కూడా చేయించారు, పాపం.

మాది చేపలమ్ముకునే కుటుంబం. ఆ గీత చూడగానే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే అసహ్యం వేసింది. కార్తీకంలో ఊళ్లో సగం ఇళ్లలో నీసు ముట్టరు. తట్ట నెత్తిన పెట్టుకుని ఎంత తిరిగినా కొనే దిక్కుండదు. మా ఆడవాళ్లకు ఏడాది మొత్తానికి తీరిక దొరికేది ఆ ఒక్క నెలే. పన్ను పీకించుకున్నా, కళ్లు చూపించుకున్నా, గడ్డ చూపించుకున్నా అప్పుడే. జబ్బు ఎప్పుడో వస్తుంది, వాళ్లు వచ్చేది కార్తీకంలో.

ఆయనకు చెప్పాను. "సార్, అది కార్తీకమాసం అండీ."

ఆయన నన్ను జాలిగా చూశారు. "చూడమ్మా, భక్తి వేరు, సైన్సు వేరు. రెండూ కలపకూడదు."

నేను ఉపవాసాల మహిమ చెబుతున్నాననుకున్నారు మహానుభావుడు. విడమరిచి చెప్పబోతే ఫోను ఎత్తుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే, వన్ టౌన్‌లో మా వీధిలో ఉండే అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచి రొమ్ము చూపించింది. మాకు చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడమే. కుంకుడుగింజంత గడ్డ, గట్టిగా ఉంది. వెంటనే కోయించుకుంటే బతుకుతుంది. ఆ సంగతి దాచకుండా చెప్పాను.

"బుధవారం పొద్దున్నే రా అత్తా, నేను దగ్గరుండి చూపిస్తాను."

"బుధవారం బేరం ఎవరు చేస్తారే, నువ్వు చేస్తావా? పైగా ఒక్క బుధవారంతో తెమిలేదా అది? ఇవాళ సూదంటారు, వచ్చేవారం స్కానింగంటారు. నేను కనపడకపోతే ఇంకోత్తి వచ్చి ఆ గుమ్మాల్లో కూర్చుంటది. పోయిన వాడిక మళ్లీ వచ్చిద్దా? కార్తీకం రానీ, నీ ఆస్పత్రిలోనే మకాం పెడతా."

వాడిక అంటే ఏ ఇంటికి ఎవరు చేపలు వేస్తారో ఆ ఇల్లు వాళ్లదే. అయితే కొన్నాళ్లు మొహం చూపించకపోతే ఆ గుమ్మం ఇంకొకరి పాలవుతుంది. అత్త బతుకంతా ఆ గుమ్మాల మీదే నడిచింది.

మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. గడ్డలు చూసే క్లినిక్కు వారానికి ఒక్కరోజు, బుధవారం, అదీ పొద్దునపూటే. "మధ్యాహ్నానికి మార్చండి సార్. అప్పటికి చేపలు అమ్ముకుని వస్తారు" అని బతిమాలాను.

"మధ్యాహ్నం ఇక్కడెవరుంటారమ్మా?" అన్నారు. నిజమే, ఎవరుంటారు. ఆయనకు సొంత నర్సింగ్‌హోమ్ ఉంది. "ముందు వాళ్లలో అవగాహన పెంచాలి. ఓ ర్యాలీ పెడదాం."

పెట్టారు కూడా. నర్సింగు పిల్లలు గులాబీ రంగు టోపీలు పెట్టుకుని పొద్దున్నే బెంజ్ సర్కిల్ దాకా నడిచారు. అత్త ఆ వేళకు బేరంలో ఉంది.

దీపావళి మర్నాడే వచ్చింది అత్త, మాట తప్పలేదు. గడ్డ ఉసిరికాయంత అయింది. పైన చర్మం పగిలి రసి కారుతోంది. కాలేయానికి కూడా పాకిందని స్కానింగులో తేలింది. ఇక కోసి లాభం లేదు.

ఆ వారమే ఒక పెద్ద హోటల్లో ఆయన ఉపన్యాసం. పాత గీతకే ఇంకో కొత్త కారణం చెప్పారు, హాలంతా చప్పట్లు కొట్టింది. భోజనాల దగ్గర నా ప్లేటులో చేపముక్క చూసి మొహం చిట్లించారు. "కార్తీకంలో నీసేమిటమ్మా? ఈ నెలంతా చేప మా గుమ్మం తొక్కదు" అన్నారు. అంత చదువు చదివిన మనిషికి, తన నోటితో తనే జవాబు చెప్పుకుని కూడా అర్థం కాలేదు. ఆ డిగ్రీలన్నీ ఏ గంగలో కలిశాయో.

మర్నాడు విద్యార్థులను వెంటేసుకుని వార్డుకొచ్చారు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?" అని అత్తను గద్దించారు.

అత్త ఆయన్ని పోల్చుకుని, పైట సర్దుకుని లేచి కూర్చుంది. "మీ ఇంటికే వస్తన్నానండీ. బుధవారం కొరమీను లేకపోతే అమ్మగారు ఊరుకోరు గదండీ" అంది, ఎంతో మర్యాదగా.

ఆయనకు ఆవిడ మొహం గుర్తులేదు. ఎప్పుడైనా చూస్తే కదా. విద్యార్థుల వైపు తిరిగి, "చూశారా, అడిగిందొకటి, చెప్పేదొకటి. అవగాహన లేదు" అన్నారు. వాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. "సార్, ఆవిడ చెప్పిందే జవాబు" అన్నాను. అప్పటికే ఆయన పక్క మంచం దగ్గరున్నారు.

కార్తీకం వెళ్లింది. అత్త వార్డులో ఉండగానే ఆవిడ వాడిక ఇళ్లన్నీ పక్క వీధి ఆవిడకు పోయాయి, ఆయన ఇంటితో సహా. ఆ సంగతి తెలిసిన రోజు అత్త గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. చావు గురించి ఒక్కసారీ ఏడవలేదు. మాఘం రాకముందే పోయింది.

ఆ తరువాత ఆ కొత్తావిడను వీధిలో ఆపి, ఓసారి వచ్చి గడ్డలేమైనా ఉన్నాయేమో చూపించుకోమన్నాను. తట్టలో కొరమీను ఇంకా కొట్టుకుంటోంది. ఆ రోజు బుధవారం.

"తప్పకుండా వస్తానండీ," అంది, తట్ట నెత్తికెత్తుకుంటూ. "కార్తీకం రానివ్వండి."