తెల్ల మెట్ల గ్యాలరీలో షూటింగులు

రియాద్‌లో నేను పనిచేసిన చిత్రకళా గ్యాలరీకి లోపలి బొమ్మల కంటే బయటి మెట్లకే పేరెక్కువ. తెల్లటి పాలరాతి మెట్లు. రోడ్డు దగ్గర వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, ఒకవైపుకు వంపు తిరిగి రెండో అంతస్తు తలుపు దగ్గర ఆగేవి. గ్యాలరీ పేరు చెబితే టాక్సీ వాళ్లకు తెలిసేది కాదు. తెల్ల మెట్లు అంటే చాలు, సరిగ్గా తెచ్చి దింపేవాళ్లు. ఆ మెట్లను రోజూ పొద్దున శుభ్రం చేసే పని మాది. అక్కడి ఇసుక చీపురుతో ఊడిస్తే పోయేది కాదు. రాళ్ల అతుకుల్లో కూర్చునేది. పుల్లతో గీకి, తడిగుడ్డతో తీసి, వైపర్ లాగితే మధ్యాహ్నం దాకా మెట్లు మెరిసేవి. తర్వాత గాలి వీచేది, మళ్లీ మొదలు.

నన్ను అక్కడికి తెచ్చింది యుద్ధం. అంతకుముందు హఫర్ అల్ బాతిన్‌లో కట్టడం పనిలో ఉండేవాణ్ణి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక ఆ ఊరు మిలిటరీ లారీలతో నిండిపోయింది. మా సైటు ఆగిపోయింది. కంపెనీ మమ్మల్ని బస్సుల్లో రియాద్ తరలించి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పనికి పెట్టింది. నాకూ, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకూ ఈ గ్యాలరీ పడింది. ఆయన్ని నేను కాకా అనేవాణ్ణి. మేమిద్దరం అక్కడ చేసిన మొదటి పని గోడల మీది బొమ్మలన్నీ దింపి, దుప్పట్లలో చుట్టి, నేలమాళిగలోకి మోయడం. క్షిపణులు పడతాయని భయం. బొమ్మలకు నేలమాళిగ ఇచ్చారు. మాకు మాత్రం సైరన్ మోగితే తడి తువ్వాలు ముక్కుకు కట్టుకొమ్మని చెప్పారు.

అలా ఖాళీ అయిన గ్యాలరీ దగ్గరకు విదేశీ టీవీ వాళ్లు రావడం మొదలుపెట్టారు. ఆ మెట్లు వెనకాల కనిపిస్తే చూసేవాళ్లకు ఇది రియాద్ అని తెలుస్తుందట. ఒక విలేకరి భుజానికి గ్యాస్ మాస్కు తగిలించుకుని, మైకు పట్టుకుని మెట్ల మీద నిలబడేవాడు. కెమెరామన్ మమ్మల్ని చూసి చేయి ఊపేవాడు, పక్కకు పొమ్మని. మొదటిసారి నేను చీపురు పట్టుకుని పక్కకు పోయాను. కాకా కదలలేదు.

"మనం కనవడితె యుద్ధం ఆగుతదా? ఊడువు," అన్నాడు.

ఇద్దరం ఊడ్చాం. కెమెరామన్ విసుక్కుని తనే స్టాండు రెండు గజాలు జరుపుకున్నాడు.

యుద్ధం అయిపోయింది. బొమ్మలు పైకి వచ్చాయి. కానీ కెమెరాల వాళ్లు ఆ మెట్లను వదల్లేదు. ముందు అత్తరు ప్రకటన ఒకటి తీశారు. తర్వాత సీరియళ్ల వాళ్లు వచ్చారు. మా గ్యాలరీ ఒక సీరియల్లో ధనవంతుడి ఇల్లు, ఇంకోదాంట్లో ఆసుపత్రి, మరొకదాంట్లో కోర్టు. కోర్టు కోసం ఎడారి బొమ్మలున్న గోడకు నల్లగుడ్డ కప్పి, ముందు బల్ల వేసి జడ్జిని కూర్చోబెట్టారు. మాకు పని రెట్టింపైంది. బొమ్మలు దింపాలి, మళ్లీ అదే మేకుకు అదే ఎత్తులో తగిలించాలి. నేల మీద వాళ్లు అంటించిన టేపుల జిగురు గీకాలి. అందరూ మమ్మల్ని "రఫీగ్" అనేవాళ్లు. నేస్తం అని దాని అర్థం. ఆ మాటకు వెనకాల ఎప్పుడూ ఒక పని ఉండేది: రఫీగ్, జరుగు. రఫీగ్, నీళ్లు తే.

అయినా ఆ షూటింగుల వల్ల నాకొక లాభం జరిగింది. నేను అరబ్బీ నేర్చుకున్నాను. సైట్లలో నేర్చుకునే అరబ్బీ నాలుగు మాటల అరబ్బీ. ఇక్కడ పెద్ద పెద్ద నటులు ఒకే మాటను టేకు మీద టేకు చెబుతుంటారు. "మా నాన్న పోయాడని నాకెవరూ చెప్పలేదు" అనే మాటను ఒకాయన పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చెప్పాడు. కోపంగా ఒకసారి, ఏడుస్తూ ఒకసారి, గొంతు తగ్గించి ఒకసారి. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ నాకు ఆ వాక్యం ఎముకల్లోకి దిగింది. గదికి పోయి కాకా ముందు చెప్పేవాణ్ణి. నువ్వూ సీరియల్లో చేరు అని నవ్వేవాడు. గేటు దగ్గరి సౌదీ గార్డు నా తప్పులు దిద్దేవాడు. కొన్నేళ్లకు నా మాట విని ఎక్కడ చదివావని అడిగేవాళ్లు ఎదురయ్యారు.

అలాంటి రోజుల్లో రంజాన్ నెలకు వేసే ఒక హాస్య కార్యక్రమం తీయడానికి యూనిట్ వచ్చింది. అందులో నటుడు దేశమంతా ఎరిగినవాడు. ఆయన కారు ఆగగానే వీధిలో పిల్లలు పోగయ్యారు. మంచి మనిషిలాగే కనిపించాడు. తనకు తెచ్చిన చాయ్‌లో నాకూ ఒక గ్లాసు పోయించాడు. పక్కన కూర్చోమన్నాడు. ఎందుకంటే ఆయన వేషం గ్యాలరీ ఊడ్చే హిందీవాడిది. అక్కడ మనవాళ్లందరినీ హిందీ అనే అంటారు. ఆయన మొహానికి అప్పటికే గోధుమ రంగు పూస్తున్నారు. చెవుల వెనక, మెడ మీద, చేతుల మీద కూడా.

"నీకేదైనా తెలియకపోతే ఏమంటావు?" అని అడిగాడు.

"మా అద్రీ," అన్నాను. నాకు తెలియదు అని.

"అలా కాదు. మీవాళ్లు అన్నట్టు అను."

"నేను అనేది ఇలాగే."

ఆయన తల ఒక పక్కకు వాల్చి, నోరు తెరిచి, "అనా మాఫీ మాలూం" అన్నాడు. సగం అరబ్బీ, సగం హిందీ. చుట్టూ ఉన్న సహాయకులు పగలబడి నవ్వారు. తల ఊపడం, చేతులు నలపడం కూడా చూపించమని ఆయన నన్ను అడిగాడు. అలా మాట్లాడేవాళ్లు ఉన్నారనీ, వాళ్లకు ఎవరూ నేర్పలేదనీ, నేర్పితే బాగానే మాట్లాడతారనీ చెప్పాను. చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

కాసేపటికి దర్శకుడు నా బట్టలు అడిగించాడు. దుకాణంలో కొన్న యూనిఫాం కొత్తగా ఉందట, పనివాడివిలా లేదట. నటుడిది నా ఒడ్డూ పొడుగే. నా చొక్కా కాలర్ దగ్గర వెలిసిపోయింది, ప్యాంటు మోకాళ్ల దగ్గర తెల్లబడింది. అవి కెమెరాకు బాగుంటాయట. నేను ఇవ్వనన్నాను. దాంతో మా సూపర్‌వైజర్ వచ్చాడు. ఏలూరు ప్రాంతం ఆయన. చెడ్డవాడని అనను, ఎవరితోనూ గొడవ పడకుండా తన ఏళ్లు గడుపుకుపోవాలనుకునే మనిషి.

"ఏవయ్యా, ఒక్క చొక్కా ప్యాంటే కదా. సాయంత్రానికి ఇచ్చేస్తారు. నీ సొమ్మేం పోయింది?"

"పనికిచ్చిన బట్టలు పనికి ఏసుకుంట సార్. నన్ను జూపిచ్చి నవ్వెతందుకు ఇయ్య."

"అవి నీవి కావు, కంపెనీవి. కంపెనీ తరఫున నేనడుగుతున్నాను."

"అయితే నా ఒంటి మీదియి మీ చేతులతోనే ఇడిపిచ్చుకోండి సార్."

ఆయన చేతులు కదలలేదు. మరి రెండో జత తెమ్మన్నాడు. అంతలో కాకా వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన మొహంలో ఏమీ లేదు.

"నానబెట్టిన సార్," అన్నాడు. "నాయి, పిలగానియి, అన్ని సబ్బునీళ్లల్ల ఏసిన. రేపటిదాంక ఆరయి."

సూపర్‌వైజర్ తల పట్టుకుని పోయాడు. ఈసారి దర్శకుడే దిగివచ్చాడు, పక్కనే రంగు పూసుకున్న నటుడు. నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒక్క మాట అంటే మర్నాడు విమానంలో ఉంటాను. అయినా అప్పటికే నోరు తెరిచేశాను. ఈ బట్టలు వేసుకున్నవాడు ఈ మెట్లు ఊడ్వాలనీ, మీరు కింది నుంచి పైదాకా ఊడిస్తే మీకు ఇచ్చేస్తాననీ నటుడితో అరబ్బీలో చెప్పాను. ఆ సీరియళ్ల వాళ్ల దగ్గర నేర్చుకున్న అరబ్బీలోనే, ఒక్క మాట తడబడకుండా.

యూనిట్ అంతా నవ్వింది. నటుడికి సరదా పుట్టింది. చీపురు అందుకున్నాడు. మొదటి మెట్టు ఊడిస్తే చప్పట్లు కొట్టారు. రెండో మెట్టుకు కూడా కొట్టారు. ఆయన ఊడ్చిన ఇసుక పైకి లేచి ఆయన మీదే పడింది. అతుకుల్లోది కదల్లేదు. అది తీయాలని పుల్ల ఇచ్చాను. వంగి గీకాడు. ఎండ నడినెత్తిన ఉంది. చెమటకు నుదుటి మీది రంగు కరిగి కనుబొమల్లోకి, అక్కడి నుంచి తెల్ల కాలర్ మీదికి కారింది. చప్పట్లు ఆగిపోయాయి. కొన్ని మెట్లు అయ్యాక నడుము మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. నవ్వుతూనే నా వైపు చేయి చాపాడు, ఇక ఇవ్వు అన్నట్టు.

"ఇంకా ఉన్నాయి," అన్నాను.

ఆయన తలెత్తి పైకి చూశాడు. మెట్లు వంపు తిరిగి పోతున్నాయి. నవ్వు పోయింది. చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు. అందులో కోపం ఎంతో, సిగ్గు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి దుకాణం యూనిఫాంకే పూలమొక్కల పాదుల్లోని మట్టి రుద్ది షూటింగ్ కానిచ్చారు. మిగిలిన మెట్లు నేనూ కాకా ఊడ్చాం.

వారం తిరక్కుండా నన్ను రాబిగ్ పంపారు. అక్కడి రిఫైనరీలో పైపులకు తుప్పు గీకి రంగు వేసే పని. ఏసీలో ఉన్నవాణ్ణి సముద్రపు ఉప్పుగాలిలోకి, గొట్టాల వేడిలోకి దిగాను. శిక్ష అని ఎవరూ అనలేదు. అక్కడ మనుషులు కావాలన్నారంతే. బస్సు దగ్గరకు కాకా వచ్చాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"మంచిగ చెప్పినవు," అన్నాడు. "ఆడ గూడ గట్లనే ఉండు."

రంజాన్‌లో ఆ కార్యక్రమం వచ్చింది. రాబిగ్ క్యాంపు మెస్సులో అందరం చూశాం. తెలుగువాళ్లు, పాకిస్తానీలు, బంగ్లాదేశ్ వాళ్లు, వరసగా బల్లల మీద. ముందు మా మెట్లు కనిపించాయి. ఆ రాళ్ల మీది గీతలు కూడా నాకు తెలుసు. తర్వాత ఆయన వచ్చాడు, గోధుమ మొహంతో. తల ఆడించాడు. "అనా మాఫీ మాలూం" అన్నాడు. బకెట్‌లో కాలు పెట్టి మెట్ల మీద నుంచి దొర్లాడు. మెస్సంతా నవ్వింది. దొర్లినప్పుడు నాకూ నవ్వొచ్చింది, మంచి నటుడే మరి. ఆ నవ్వు గొంతులో ఉండగానే లేచి టీవీ ముందుకు పోయి నిలబడ్డాను. జరిగిందంతా హిందీలో చెప్పాను.

కొందరు జరగమని కేకలేశారు. జగిత్యాల వైపు అతను, చొక్కా కోసం ఏసీ నౌకరి పోగొట్టుకున్నవా అన్నాడు. అవునన్నాను. మళ్లీ అడిగినా ఇయ్యనన్నాను. అందరికంటే ఎక్కువ నవ్విన ఒక బంగ్లాదేశ్ వెల్డర్ మాత్రం నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు, తెలియదు అని సరిగ్గా ఎలా అనాలని. చెప్పాను. రెండుసార్లు అన్నాడు. మూడోసారి బాగా వచ్చింది.

ఆ మర్నాడు అతను ఇంకొకణ్ణి తీసుకొచ్చాడు. అలా పని అయ్యాక మెస్సులో బల్లలు దగ్గరకు జరిపి అరబ్బీ చెప్పడం మొదలైంది. నాకు పాఠాలు చెప్పడం రాదు. సీరియళ్ల వాళ్ల పద్ధతే నాకు తెలిసిన పద్ధతి. ఒకే వాక్యం అందరూ మళ్లీ మళ్లీ చెప్పాలి. ఒకసారి మామూలుగా, ఒకసారి కోపంగా, ఒకసారి మర్యాదగా. వాక్యాలు మాత్రం నేను ఎంచుకున్నవి. ఇది నా పని కాదు. నన్ను పేరు పెట్టి పిలవండి. నాకు ఒంట్లో బాగాలేదు, డాక్టర్ దగ్గరకు పంపండి.

కొన్ని నెలలకు క్యాంపు చూసుకునే ఈజిప్టు ఆయన నన్ను ఆఫీసుకు పిలిచాడు.

"నువ్వొచ్చినప్పటి నుంచి వీళ్లు నాకు ఎదురు చెబుతున్నారు," అన్నాడు.

"తప్పుగా మాట్లాడుతున్నారా?"

"తప్పుగా కాదు. మాట్లాడుతున్నారు."

ఆ పాఠాలు ఆపమన్నాడు. పని అయ్యాక నా సమయం నాదేనన్నాను. ఆయన ఫైళ్లు ముందుకు లాక్కుని, వెళ్లమని చేయి ఊపాడు. ఆ సాయంత్రం మెస్సులోకి పోయేసరికి బల్లలు ముందే జరిపి ఉన్నాయి. నన్ను పిలిచారన్న సంగతి క్యాంపంతా తెలిసిపోయినట్టుంది, రోజూ రానివాళ్లు కూడా గోడ పట్టుకుని నిలబడ్డారు. ఇవాళ ఏ వాక్యం అని వెల్డర్ అడిగాడు. నా ఇఖామా నా దగ్గరే ఉంటుంది, అని చెప్పాను. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు, మా అందరివీ ఆఫీసు బీరువాలో ఉండేవి. ముందు మామూలుగా చెప్పించాను. తర్వాత, కిటికీ అవతల ఆఫీసు గది దాకా వినబడేటట్టు, ఇంకోసారి చెప్పమన్నాను.