కట్టెల మిషనుకు తలంటు

దసరా పూట ఇనుముకు నువ్వుల నూనె పెట్టి, సున్నిపిండితో నలుగు పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అలాంటివాడు ఆస్ట్రేలియా మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యంతో నా ఉద్యోగాన్నీ, వీసానూ, మా ఓనరు గ్రాహం పరువునూ ఒకే పూటలో ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ చదువు ముగించి, కట్టెలు చీల్చే యంత్రాలు తయారుచేసే ఓ చిన్న వర్క్‌షాపులో కొత్తగా చేరాను. ఈ యంత్రంలో గొడ్డలి నోరులాంటి ఉక్కు దిమ్మ ఒకటి పట్టా మీద జారుతూ వచ్చి దుంగను రెండుగా చీలుస్తుంది. జారినకొద్దీ పట్టా అరుగుతుంది. అరగకుండా గ్రీజు పెడితే దానికి కట్టెపొట్టు అంటుకుని గరుకు కాగితంలా తయారై ఇంకా అరగదీస్తుంది. అందుకని నేను ఆ రెండింటి మధ్యకు కంచు పలకలు చేశాను. వాటి నిండా చిన్న చిన్న గుంటలు, గుంటల నిండా గ్రాఫైటు. పెన్సిలు ముల్లులో ఉండే సరుకే. దిమ్మ జారేటప్పుడు ఆ గ్రాఫైటే పల్చగా పూసుకుని నూనె చేసే పని చేసేస్తుంది. కాబట్టి దీనికి నూనె అక్కర్లేదు. అక్కర్లేదేమిటి, అసలు పడకూడదు. "నూనె, గ్రీజు వేయరాదు" అన్న ఎర్ర స్టిక్కరు రాసిందీ నేనే, అతికించిందీ నేనే.

సరిగ్గా విజయదశమి నాడే డెమో పడింది. గిప్స్‌ల్యాండ్ వైపు పెద్ద కట్టెల అడితి నడిపే మోరీన్ అనే పెద్దావిడ చూడటానికి వస్తోంది.

"ఆవిడకు నచ్చితే నీ ఉద్యోగం పర్మనెంటు, వీసాకు నేను స్పాన్సర్ చేస్తాను. నచ్చకపోతే ఇంకో మనిషిని పెట్టుకునే స్తోమతు నాకు లేదు, శ్రీ" అని గ్రాహం ముందే చెప్పాడు. నా పేరు శ్రీధర్. పేరు సగం మింగినా మనిషి మంచివాడు.

ఆ పొద్దున అందరికంటే ముందే వెళ్లి, మిషనుకు బొట్టు పెట్టి, తెనాలిలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేశాను. ఆయుధపూజ అమ్మ చూడకపోతే చెల్లదు కదా!

"బొట్టు బానే ఉంది గానీ, నూనేదిరా?" అంది అమ్మ.

"దీనికి ఆయిల్ పెట్టకూడదమ్మా. సెల్ఫ్ లూబ్రికేటింగ్. అంటే, తనకు తనే..."

"తనకు తనే తలంటుకుంటుందా?"

"అలాంటిదే అనుకో."

"పండగ పూట పిల్లాడి మాడుకి చుక్క నూనె పెట్టకుండా ఎవరన్నా బయటికి పంపుతార్రా? అదేవన్నా మొరాయిస్తే నీ ఉజ్జోగం ఏం గాను? నా తృప్తి కోసం, ఒక్క చుక్క!"

అయ్యా, నా బుర్ర ఇంజనీరుదే. మాడు మాత్రం అమ్మది. దీపానికని తెచ్చిన నువ్వుల నూనె సీసా పక్కనే ఉంది. ఒక్క చుక్కే వేద్దామనుకున్నాను, కానీ సీసా మూతికి చుక్కలేం తెలుస్తాయి? పట్టా పొడవునా అభిషేకం జరిగిపోయింది.

అంతటితో ఊరుకున్నానా? శాస్త్రానికి ఒక దుంగను చీల్చి చూశాను. ఒంటికి నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుతుందంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ కట్టెపొట్టులో పొర్లి ఉండరు. అంటాల్సిందీ, అంటకూడనిదీ అంతా కలిసి అంటుకుంది. మిషను మూలగడం మొదలుపెట్టింది.

"అమ్మా, కొంప మునిగింది! తుడిచేకొద్దీ నూనె లోపలికి పోతోంది!"

"దానికంత గాభరా ఎందుకురా? తలంటాక నూనె ఎట్టా వదిలిస్తాం? సున్నిపిండి పెట్టి రుద్దు. మొన్న నీకు పంపించా కదా!"

పంపించింది. ముందురోజు తెచ్చుకున్న ఆ పార్సిలు కారులోనే ఉంది. ఏ దేవుడైనా అడ్డుపడి దాన్ని క్లైడ్ నార్త్‌లో నేనుండే ఇంట్లో దింపించి ఉంటే ఎంత బాగుండేది! పసిపిల్లవాడికి రుద్దినట్టు సందుసందునా రుద్దాను. నూనె వదల్లేదు సరికదా, పిండీ నూనే పొట్టూ కలిసి చక్కటి ముద్ద అయింది. దాన్ని గోకుతుండగానే గ్రాహం, మోరీన్ లోపలికి వచ్చారు.

నేను నోరు తెరిచేలోపే గ్రాహం దుంగ పెట్టి మీట నొక్కాడు. దిమ్మ కీచుమంటూ కదిలింది, సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. సందుల్లోంచి పచ్చటి ముద్ద బయటికి ఉబికింది. కమ్మగా మాడు వాసన లేచింది.

"ఎవరిదో లంచ్ మాడుతున్నట్టుంది" అంది మోరీన్.

గ్రాహం మిషను ఆపి స్టిక్కరు చూశాడు, ముద్దను చూశాడు, నన్ను చూశాడు. "శ్రీ, ఏమిటిది?"

"మా... సబ్బులాంటిది."

"మిషనుకు సబ్బెందుకు?"

"నూనె పోవడానికి."

"నూనె ఎలా వచ్చింది?"

"ఇవాళ పండగ."

చేరినప్పటి నుంచీ రాత్రింబవళ్లు కష్టపడి చేసిన పలకలు నా చేతకానితనం వల్ల చెడ్డపేరు తెచ్చుకుంటున్నాయని గుండె తరుక్కుపోయింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, "పలకల తప్పేం లేదు మేడమ్, తప్పంతా నాదే" అని మొత్తం కథ చెప్పేశాను.

గ్రాహం తిట్టలేదు. స్పానరు నా చేతిలో పెట్టి, "విప్పు మేట్" అన్నాడు. తనూ చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరం పలకలు ఊడదీసి, ముద్ద గోకి, స్పిరిట్‌తో తుడిచాం. కింద గ్రాఫైటు చెక్కుచెదరలేదు. మళ్లీ బిగించి, చుక్క నూనె లేకుండా మీట నొక్కితే, అరటిబోదెను కోసినట్టు దుంగ రెండైంది.

మోరీన్ వంగి పలకలను వేలితో తడిమి చూసింది.

"మా కుర్రాళ్లు స్టిక్కర్లు చదవరు. కనబడిన ప్రతిదానికీ గ్రీజు కొడతారు. నూనె, పొట్టు, పిండి అన్నీ మింగి కూడా ఇది మళ్లీ నడిచిందంటే, నాకు కావలసింది ఇదే."

ఆ సాయంత్రం గ్రాహం నా భుజం తట్టి, సోమవారం నుంచి పర్మనెంటు అన్నాడు. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"చూశావా! అంతా తలంటు మహిమేరా! వచ్చే దసరాకి కుంకుడుకాయలు కూడా పంపిస్తా. ఆ పిండి పూర్తిగా వదలాలంటే అదే మందు" అంది అమ్మ, తృప్తిగా.

కనుక పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ యంత్రానికీ తలంటు పోయను, నలుగు పెట్టను. ఏటా పూజ చేస్తాను, అమ్మకు వీడియో కాల్ కూడా చేస్తాను. కాకపోతే అమ్మ "నూనేదిరా" అనగానే మా వర్క్‌షాపులో సిగ్నల్ పోతుంది.