పక్కింటి అత్త పట్టిన సుత్తి

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా నాన్న చాలా రోజులపాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు, నాన్న పోయి చాలా కాలమైంది. అయినా ఆ రోజుల్లో మా ఇంట్లో పేరుకున్న నిశ్శబ్దం మాత్రం నిన్నటిలా గుర్తుంది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాన్నకు ఒక పాత జీపు ఉండేది. పత్తి తీతలప్పుడూ మిరపకోతలప్పుడూ కూలికి వెళ్ళే ఆడవాళ్ళను పొద్దున్నే దూరపు చేలకు దించి, సాయంత్రం ఇళ్ళకు చేర్చేవాడు. ఆ బండంటే ఆయనకు ప్రాణం. దానికి సొట్ట పడ్డా, రంగు పెచ్చులూడినా తనే బాగుచేసుకునేవాడు. ఆ పని ఆయనకెవరూ నేర్పలేదు. పేటలో లారీల షెడ్ల ముందు నిలబడి చూసి, ఇంటికొచ్చి చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నాడు.

ఒక చలికాలం పొద్దున పొగమంచులో ఎదురుగా పత్తి బస్తాల లారీ దూసుకొచ్చింది. నాన్న బండిని పక్కకు తిప్పాడు. జీపు పంటకాలవలోకి ఒరిగిపోయింది. అందరూ గీరుకుపోయిన మోకాళ్ళతో బయటపడ్డారు గానీ పక్కింటి అత్తకు కుడిచెయ్యి విరిగింది.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. మా గోడా ఆమె గోడా ఒకటే. నాన్నను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. కోతలకు వెళ్ళే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. భర్త లేడు. ఆ చేతి మీదే ఆమె ఇల్లు నడిచేది.

పేట ఆసుపత్రిలో ఆమె చేతికి పిండికట్టు వేశారు. జీపును ఎడ్లతో లాగించి మా కొట్టం పక్కన పెట్టించాక నాన్న మళ్ళీ దాని వైపు చూడలేదు. వసారాలో గోడకేసి తిరిగి కూర్చునేవాడు. వచ్చినవాళ్ళంతా "నీ తప్పేముందయ్యా, ఆ లారీవాడిది గానీ" అని ఓదార్చేవారు. ఓదార్చినకొద్దీ ఆయన ఇంకా ముడుచుకుపోయేవాడు. అత్త కూడా కట్టు చేత్తోనే వచ్చి, మనసులో పెట్టుకోవద్దని చెప్పబోయింది. ఆ కట్టు కంటపడగానే నాన్న లేచి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆ తర్వాత ఒకరోజు, జీపును పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తానని అమ్మతో ముక్తసరిగా అన్నాడు. మిరపకోతలు జోరుగా సాగుతున్నాయి. ఆడవాళ్ళు చీకటితోనే లేచి, సద్ది క్యారేజీలు పట్టుకుని, చంకన పిల్లలతో నడిచి వెళ్తున్నారు.

అత్తకు కట్టు విప్పిన కొన్నాళ్ళకు, ఒకరోజు పొద్దున్నే మా కొట్టం దగ్గర ఠంగుఠంగుమని చప్పుడు. వెళ్ళి చూస్తే అత్త కొంగు బిగించి, ఎడమచేత్తో సుత్తి పట్టుకుని జీపు రేకు మీద బాదుతోంది. కుడిచెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది.

అమ్మ పరుగున వచ్చింది. "ఇదేం పనే? ఆ చేత్తో!"

"ఊరికే కూర్చుంటే ఏం తోస్తది వదినా? ఎట్టాగూ పాత ఇనుమోడికి పొయ్యే బండే గదా. ఈ సొట్ట లేస్తదేమో చూస్తన్నా," అంది అత్త. నా చేతికో గరుకు కాగితం ఇచ్చి, "నువ్వు ఆ పక్కన రుద్దవే," అంది.

నాకు పండగలా ఉంది. ఇష్టమొచ్చినట్టు రుద్దాను. అత్త కొట్టే దెబ్బలకు ఒకచోట సొట్ట లేస్తే పక్కన రెండు పడుతున్నాయి. వసారాలో నాన్న ఒకసారి తల తిప్పి చూశాడు. మళ్ళీ గోడకేసి తిరిగాడు.

మర్నాడు అత్త సుద్దపొడి, వార్నీషు కలిపి సొట్టలు పూడ్చే లప్పం చేసింది. తుప్పు గోకకుండానే దాని మీద రొట్టెంత మందాన మెత్తింది. మధ్యాహ్నం ఎండకు అది పగిలి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. నాన్న గట్టిగా దగ్గాడు. అత్త వినిపించుకోనట్టు మళ్ళీ మెత్తింది. ఆ తర్వాత మా పురుగుమందు పంపు తెచ్చి, అందులో రంగు పొయ్యబోయింది.

"ఆగమ్మా, ఆగు!" అంటూ నాన్న వసారా దిగి వచ్చేశాడు. "అందులో రంగు పోస్తే పంపూ పోద్ది, బండీ పోద్ది. అసలు తుప్పు మీద లప్పం నిలుస్తదని ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేవాళ్ళు ఎవరున్నారన్నయ్యా? తెలిసినోళ్ళు గోడ చూస్తా కూర్చుంటే, తెలియనోళ్ళం ఇట్టాగే చేస్తాం," అంది అత్త.

నాన్న ఆమె పక్కన పెట్టిన సుత్తి అందుకున్నాడు. రేకు వెనక ఇనపదిమ్మె ఆనించి, సొట్ట అంచు దగ్గర మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. ముందు నడుమ మీద కొట్టకూడదట, చుట్టూ అంచుల నుంచి కొద్దికొద్దిగా లోపలికి రావాలట. చాలా రోజుల తర్వాత ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే.

ఇక రోజూ అదే పని. లప్పమంతా గోకేశాం. తుప్పు పోయి రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాం. దాని మీద ఎర్రటి కింది పూత వేశాం. ఈసారి లప్పం కాగితమంత పలచగా పెట్టి, ఆరనిచ్చి, తడిపి రుద్ది, మళ్ళీ పెట్టాం. కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరి చూడమనేవాడు నాన్న. కంటికి కనపడని ఎత్తుపల్లాలు చేతికి తెలిసేవి. నా వేళ్ళు పగిలి మంటపుట్టేవి. అయినా బడి నుంచి నేరుగా కొట్టానికే పరిగెత్తేదాన్ని.

ఒకరోజు నాన్న అన్నానికి వెళ్ళాడు. నేను మంచినీళ్ళు తాగి తిరిగొచ్చేసరికి అత్త ఒక్కతే ఉంది. ఆ సన్నబడ్డ కుడిచేత్తో ఇనపదిమ్మె ఆనించి, ఎడమచేత్తో టకటకమని అంచుల వెంట కొట్టుకుపోతోంది. నాన్న కూడా అంత చకచకా కొట్టలేడు. చూస్తుండగానే రేకు అద్దంలా చదునైపోయింది. తలెత్తి నన్ను చూసి ఆగిపోయింది.

"వినుకొండలో మా అన్న లారీల షెడ్డులో పెరిగానే నేను. మీ నాన్నతో అనమాక," అంది.

"మరి అప్పుడెందుకలా చెడగొట్టావు?" అని అడిగాను.

"బాగా చేస్తే మీ నాన్న ఎందుకు లేస్తాడే?" అంది. సుత్తి పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు గరుకు కాగితం అందుకుంది.

రంగు తెచ్చే రోజు వచ్చింది. నాన్న సైకిలు పట్టుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ప్రమాదం తర్వాత మొదటిసారి అత్త ముఖంలోకి చూశాడు. "ఏం రంగు వేద్దామమ్మా?" అన్నాడు.

అత్త బండి వైపు చూసింది. "మంచులో కూడా ఎదురొచ్చేవాడికి కనపడే రంగు," అంది.

నాన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాడు. అత్త దగ్గరకెళ్ళి ఓదార్చలేదు. సైకిలు పడిపోకుండా పట్టుకుని పక్కన నిలబడింది. ఆ సాయంత్రం పసుపురంగు డబ్బాలు వచ్చాయి.

పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల నుంచి వచ్చే దూది నూగు తడి రంగు మీద వాలుతుందని, గాలి లేవకముందే వాకిలంతా నీళ్ళు చల్లి, అందరం కలిసి కుంచెలతో రంగు వేశాం. అయినా అక్కడక్కడా నూగు అతుక్కుంది. కుంచె గీతలు కూడా తేలాయి. షెడ్డు పనిలా లేదు గానీ మాకు మాత్రం అంతకంటే అందమైన బండి లోకంలో లేదనిపించింది.

రంగు ఆరాక నాన్న ఇంజను సరిచూసుకుని బండిని వీధిలోకి తెచ్చాడు. ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఎవరూ అడుగు ముందుకు వెయ్యలేదు. ఎప్పుడూ వెనక కూర్చునే అత్త తిన్నగా వచ్చి ముందు, నాన్న పక్కన ఎక్కి కూర్చుంది.

"రండే! కాయలు మీకోసం చెట్టు దిగొస్తాయా?" అని కేకేసింది. ఒక్కొక్కరే ఎక్కారు. జీపు మెల్లగా కదిలింది.

అత్తకు పని ముందే తెలుసన్న మాట నేను నాన్నకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు.

బాధలో ఉన్న మనిషి దగ్గర మంచిమాటలు చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. పోయినేడు పెద్ద ఆపరేషను అయ్యాక మా చెల్లెలు మంచం దిగనని మొండికేసింది. నేను ఆవకాయ జాడీలు ముందేసుకుని, ఆమెకు కనపడేలా కూర్చుని, ఉప్పు ఎడాపెడా పోయడం మొదలుపెట్టాను. కాసేపు ఓర్చుకుంది.

"అక్కా, నీ మొహం! ఇటివ్వు," అంటూ కాళ్ళు కింద పెట్టింది.