సెల్లారు గోడలకి పరుపులు

గుడ్లవల్లేరులో రామబ్రహ్మంగారి కొత్తింటి సెల్లారులోకి దిగి షంషాద్ చేసిన మొదటి పని చప్పట్లు కొట్టడం. ఆవిడ ఒక్కసారి కొడితే నాలుగు గోడలూ తలోసారి కొట్టి వెక్కిరించాయి.

“ఓయమ్మో! నూతిలో దిగి మాట్లాడుకుంటున్నట్టుంది. ఇందులో సినిమా ఏం చూస్తారండీ?”

“అందుకేగా షంషాదమ్మా నిన్ను పిలిపించింది” అన్నారు రామబ్రహ్మంగారు.

మెట్ల మీద నిలబడ్డ ఆయన భార్య సుభాషిణిగారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, “నూతిలో ఎవరు పడ్డారూ?” అని కంగారు పడ్డారు.

ఆవిడ చెవులు మందగించి ఆరేళ్ళు. చెవిలో మిషను పెట్టుకుంటే పక్కన కూర్చున్న మనిషి మాట బాగానే వినిపిస్తుంది. మోత ఉన్న చోటికి వెళ్తే మాత్రం మాటలన్నీ కలిసి రోట్లో పచ్చడైపోతాయి. కొత్త సినిమా వచ్చిందంటే గుడివాడ వెళ్ళి మొదటి వారమే చూసి రావలసిన మనిషి, ఆరేళ్ళుగా హాలు గడప తొక్కలేదు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు కలిసొచ్చాయి కాబట్టి రామబ్రహ్మంగారు భార్య కోసం ఇంటి కింద సెల్లారు తవ్వించి, గోడంత తెరా, ఏడు స్పీకర్లూ పెట్టించారు. అంతా పెట్టాక చూస్తే ఏముంది? ఆవిడకి బొమ్మ కనబడుతోంది, మాట మళ్ళీ పచ్చడే.

ఆ స్పీకర్లూ అవీ బిగించినవాడు విజయవాడ నుంచి వచ్చిన విక్రమ్. పని తెలిసినవాడే, కాకపోతే తెలిసినట్టు కనబడాలన్న యావ కాస్త ఎక్కువ. గోడలకి ఫోమ్ పలకలు అంటిస్తే మోత పోతుందన్నాడు. అంటించాడు. మోత పోయే లోపలే ఆ జిగురు వాసనకి సుభాషిణిగారికి దగ్గు పట్టుకుంది. పలకలు పీకి పారేశారు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, తన పెళ్ళినాటి పరుపుని మూడుసార్లు విప్పి, ఏకి, మళ్ళీ కొత్త పరుపు చేసి ఇచ్చిన బందరు షంషాద్.

షంషాద్ నూర్‌బాషా వాళ్ళ పిల్ల. తండ్రి విల్లుతో దూది ఏకుతుంటే ఆ నారి మోగే చప్పుడే ఆవిడకి జోలపాట. మూడో తరగతిలో బడి మానేసి దబ్బనం పట్టింది. పెళ్ళయ్యాక మొగుడు రషీద్ బందరులో కొట్టు తీసి, కరెంటుతో నడిచే ఏకుడు మిషను కొన్నాడు. దూది నుసి పీల్చీ పీల్చీ ఆయన ఊపిరి మొరాయించాక, మూతికి తువ్వాలు కట్టుకుని మిషను ముందు ఈవిడే కూర్చుంది. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు, కొడుకు యాసిన్ చదువు, అన్నీ ఆ మిషను చలవే. నోరు మాత్రం దబ్బనం కంటే పదును. బేరం ఆడేవాళ్ళతో, “తక్కువకి కావాలంటే గడ్డి వాము మీద పడుకో తల్లీ” అనేది.

ఇప్పుడు పరుపులు కుట్టించుకునేదెవరు? అందరికీ చాపలా చుట్టుకుని అట్టపెట్టెలో ఇంటికొచ్చే పరుపులే కావాలి. ఆరు నెలలుగా కొట్టులో దిండ్లు తప్ప పరుపు కుట్టింది లేదు. మిషను తీసేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుందామని యాసిన్ రోజూ పోరు. గుడ్లవల్లేరు నుంచి కబురు రాగానే ఆవిడ కొడుకుతో తెగేసి చెప్పింది. “ఈ ఒక్క పనీ చూడనీరా. ఇది నెగ్గకపోతే మిషను నువ్వే అమ్మేసుకో, నేను నోరెత్తను.”

“నువ్వా? నోరెత్తకపోవడమా?” అన్నాడు వాడు.

“కాయితం మీద రాసిస్తాను, వేలిముద్ర వేసి” అంది.

రామబ్రహ్మంగారు పెట్టిన షరతు కూడా అంతే తేటగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం సినిమా వేస్తారు. సుభాషిణిగారికి మాటలు అర్థమైతే పని నెగ్గినట్టు. లేదంటే గోడలన్నీ ఊడబీకి విక్రమ్ చెప్పిన ఇంకేవో పలకలు తెప్పిస్తారు. “నువ్వు మాత్రం బాధపడకూడదు షంషాదమ్మా.”

“బాధపడే తీరిక నాకెక్కడిదండీ? టేపు ఇలా ఇవ్వండి” అంది.

ఇక చూడాలి ఆవిడ హుషారు. కోడలు రుబీనాని వెంటేసుకుని పొద్దున్నే బందరులో బస్సెక్కడం, గోడలు కొలవడం, సాయంత్రానికి తిరిగెళ్ళి మిషను తిప్పడం. పెడనలో అద్దకం గుడ్డ కొనడానికి వెళ్ళి, తానులన్నీ విప్పించి, గుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది. కొట్టువాడు బిక్కమొహం వేశాడు. “గాలాడని గుడ్డలో దూది కుక్కితే పిల్లిని గోనెలో కట్టినట్టే” అని రుబీనాకి చెప్పింది. ఆ ఊదడం చూసి, గుడ్డ ఎంచడానికి వెంట వచ్చిన విక్రమ్ మాత్రం నవ్వలేదు.

“ఆంటీ, మేమూ గుడ్డని ఇలాగే చూస్తాం. గాలి పోతే శబ్దం కూడా పోతుంది” అన్నాడు.

“మరి మొదటి రోజు, ఇది పరుపుల కొట్టు కాదాంటీ, అకౌస్టిక్స్ అని నా మీద ఎగిరావేం?”

“అప్పుడు మీరు ఊదలేదు కదా!”

ఇరవై నాలుగు పరుపులు. మనిషెత్తువి కొన్ని, నడుమెత్తువి కొన్ని. గోడకి ఆనించి, మేకులు కొట్టి, సందు లేకుండా బిగించేశారు. చివరిది బిగించాక షంషాద్ గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుడు చేతుల్లోనే చచ్చిపోయింది. గోడలు కిక్కురుమనలేదు.

“నోళ్ళు మూసుకున్నాయత్తా!” అని రుబీనా గెంతింది.

అది మంగళవారం. బుధవారం కాలవకి నీళ్ళొదిలారు.

ఊరు ఊరంతా వంతెన మీద ఉంది. వేసవంతా నెర్రెలిచ్చి పడున్న కాలవలోకి ఎర్రనీళ్ళు నురగ తోసుకుంటూ వస్తుంటే ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేశారు, మగవాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు. రామబ్రహ్మంగారు అందరికంటే ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు.

శుక్రవారం షంషాద్ కుట్లు సరిచూసుకోవడానికి సెల్లారు మెట్లు దిగుతూ మూడో మెట్టు మీదే ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

“ఏంటత్తా?”

“తడి దూది వాసనే!”

పరుగున దిగి కింది వరస పరుపు వెనక్కి చెయ్యి దూర్చింది. చల్లగా తగిలింది. పీకి చూస్తే వెనక వైపంతా నానిపోయి, మునిగిన మేకలా బరువెక్కింది. ఈశాన్యం మూల గోడా నేలా కలిసే చోట సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి.

రామబ్రహ్మంగారు వచ్చి చూసి అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. “నీళ్ళు రావట్లేదని నలభై ఏళ్ళు లాకుల దగ్గర గొడవలు చేసినోణ్ణి షంషాదమ్మా. ఊళ్ళో అందరూ నీళ్ళొచ్చాయని పండగ చేసుకుంటుంటే నేనొక్కణ్ణే ఏడవాల్సొచ్చిందే!”

“తవ్వించింది ఎప్పుడండీ?”

“నిరుడు ఏప్రిల్లో. కాలవలు కట్టేసున్నప్పుడు. నేల రాయిలా ఉంది, చుక్క తడి లేదు. వానాకాలంలో గోడలు చెమ్మగా ఉంటే, కొత్త సిమెంటు కదా, నీళ్ళు తాగుతోందన్నాడు మేస్త్రి. మళ్ళీ ఎండలొచ్చేసరికి ఆరిపోయింది. నేనూ మర్చిపోయాను.”

“రైతై ఉండి కాలవ కట్టేసినప్పటి నేలని నమ్మారా? పుట్టింటికి వెళ్ళిన పెళ్ళాం ఇక రాదనుకున్నట్టుంది మీ తీరు!”

ఇంకో మనిషైతే ఆ మాటకి రుసరుసలాడేవాడే. ఆయన తల దించుకున్నారు. షంషాద్‌కి జాలేసింది. అసలు గోడ మీద చెయ్యి పెట్టి చూడకుండా దూదిని తీసుకెళ్ళి దాని వీపుకి అంటగట్టింది ఎవరు? నలభై ఏళ్ళుగా పరుపులు ఎండలో పెట్టండమ్మా అని ఊరందరికీ చెప్పిన నోరే కదా ఇది!

“మీది ఒక తప్పు, నాది ఒక తప్పు. చెల్లుకి చెల్లు. లేవండి, ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది” అంది.

రెండు రోజులంటే నలభై ఎనిమిది గంటలు. అందులో అన్నం తిన్నది ఎప్పుడో ఆవిడకే తెలీదు. ముందు కోడూరులో ఉన్న బ్లెస్సీకి ఫోను కొట్టింది. బ్లెస్సీ ఏటా వేసవిలో దివిసీమ గట్ల మీద బూరుగుకాయలు ఏరించి, దూది తీసి అమ్ముతుంది.

“బ్లెస్సీ, బూరుగు దూది ఎంతుందే?”

“ఎనిమిది గోతాలుంది వదినా. దిండ్లకా?”

“గోడలకి.”

“గోడలు పడుకుంటాయా వదినా?”

“పడుకోబెట్టాలనే! రేపు మొదటి బస్సుకి వెయ్యి, రుబీనా బందరు బస్టాండులో దించుకుంటుంది.”

బూరుగు దూది సంగతి షంషాద్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. మామూలు పత్తి నీళ్ళని చూస్తే ఒళ్ళప్పగిస్తుంది. బూరుగు అలా కాదు, నీళ్ళ మీద వేస్తే తేలుతుంది గాని తాగదు. దివిసీమలో ఉప్పెన చూసిన ముసలివాళ్ళు బూరుగు దిండు పట్టుకుని తేలామని చెప్పేవారు, నిజమో అబద్ధమో గానీ.

కింది వరస పరుపులన్నీ విప్పి పత్తి తీసేసి బూరుగు నింపారు. ఈలోగా రామబ్రహ్మంగారు మూలలో గొయ్యి తీయించి, చేపల చెరువు దగ్గరి చిన్న మోటారు తెచ్చి పెట్టించారు. ఊరిన నీళ్ళు గోతిలోకి జారడం, గొయ్యి నిండగానే మోటారు దానంతటదే తిరిగి బయటికి తోడెయ్యడం. ఇక గోడ సంగతి. “పరుపు గోడని తాకకూడదు” అంది షంషాద్. సరుగుడు బద్దలు కోయించి, గోడకి జానెడు ఎడంగా వాటి మీద పరుపులు నిలబెట్టించింది. వెనక గాలి ఆడాలని ఆవిడ ఆలోచన.

శనివారం సాయంత్రం విక్రమ్ ఫోనుకి మైకు తగిలించి గదిలో మోత కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఫోను దులిపి ఇంకోసారి కొలిచాడు.

“ఏమైంది బాబూ, మళ్ళీ పచ్చడేనా?”

“ఆంటీ, మొన్న గోడకి బిగించినప్పటి కన్నా ఇప్పుడే బాగుంది! అప్పుడు సన్న మోతలు పోయాయి గాని, లావు మోత కడుపులో గుడగుడలాడుతూ ఉండిపోయింది. వెనక ఖాళీ ఉంటే అదీ తగ్గుతుందని నేను చదువుకున్నాను గానీ, చోటు పోతుందని మీకు చెప్పలేదు.”

“చదువుకుని దాచుకునేది చదువా, దొంగసొత్తా?” అంది. అని ఆ మూల బద్ద మీద చెయ్యేసి గోముగా నిమిరింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ దిగారు. సుభాషిణిగారు ముందు వరసలో, పక్కన రామబ్రహ్మంగారు. వెనక షంషాద్, రుబీనా. విక్రమ్ నవ్వుల సినిమా ఒకటి వేశాడు. షంషాద్ తెర వైపు చూడలేదు. సుభాషిణిగారి వెనక జడే చూస్తూ కూర్చుంది. బొమ్మలో ఎవరో బస్సు ఎక్కారు, ఎవరో దిగారు. ఆ జడ కదల్లేదు. పది నిమిషాలు. షంషాద్‌కి అవతల యాసిన్ మిషనుకి బేరం కుదుర్చుకుంటున్నట్టే అనిపించింది.

అంతలో ఫక్కుమని నవ్వు. తెరలోంచి కాదు. ముందు వరసలోంచి.

సుభాషిణిగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతున్నారు. గోతిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అని మూల వైపే చూస్తున్న రామబ్రహ్మంగారు ఉలిక్కిపడి, “ఏమన్నాడే? ఏమన్నాడు?” అని అడిగారు.

“అబ్బ! సినిమా చూడకుండా ఎటు చూస్తారు మీరు? మామగారు ఉపవాసమంటూ వంటింట్లో దొరికిపోయాడు. ఉపవాసం నాలిక్కే గానీ పళ్ళకి కాదంటున్నాడు!” అని ఆవిడ మాట మాటా చెప్పి, మళ్ళీ నవ్వారు.

రుబీనా అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.  

విక్రమ్ షంషాద్ వైపు వంగి గుసగుసగా, “ఆంటీ, గుడివాడలో ఇలాంటి గదులే ఇంకో రెండున్నాయి, ఒకటి మేడ మీద, ఒకటి పాత ధాన్యం కొట్టు. రేపు వచ్చి కొలుస్తారా?” అన్నాడు.

“నీ ఫోనులో యాసిన్‌కి ఆ ముక్క నువ్వే చెప్పు. నేను చెప్తే కోతలంటాడు” అని నంబరు ఇచ్చింది.

సినిమాలో హీరో హీరోయిన్‌తో ఏదో మెల్లగా చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే గొయ్యి నిండి, మూలలో మోటారు బర్రుమని లేచింది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అది ట్రాక్టరులా వినబడింది.

సుభాషిణిగారు గిరుక్కున తిరిగి, “ఎవరమ్మా అది, ఆ మోటారు ఆపండి! ఆ పిల్లాడు ఏమంటున్నాడో వినపడట్లేదు నాకు!” అని కసిరారు.

ఆవిడకి చప్పుడు ఎక్కువైందట! షంషాద్‌కి ఆనందంతో ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి లేచి, చీకట్లో తడుముకుంటూ మూలకి వెళ్ళి, మోటారు చుట్టూ మూర వేసి కొలవడం మొదలుపెట్టింది. “రుబీనా, గుర్తుపెట్టుకో. మూడు మూరలు అటు, రెండు ఇటు. చెక్కపెట్టె, లోపల బూరుగు, పైన గాలాడే సందు. ఇదీ నోరు మూసుకోవాలి.”

“కూర్చోవే షంషాదూ,” అన్నారు సుభాషిణిగారు వెనక్కి తిరక్కుండానే, “నీ గుసగుసలు కూడా వినపడుతున్నాయి నాకు!”