వాపును దాచిన పీఈటీ సారు

అది 2023. జనగామలో ఒక జిమ్‌కు ఆనుకుని ఉన్న గదిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ అయినవాళ్లకు జిమ్ ఏమిటని చాలామంది అడుగుతారు. మోకాలికి కుట్లు పడ్డా చేతులు, భుజాలు, నడుము ఊరికే ఉండకూడదు. కాలికీ దాని వంతు పని ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో చూడటమే నా ఉద్యోగం.

సమ్మయ్య సారు నర్మెట్ట దగ్గర ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. కబడ్డీ నేర్పుతూ పడి మోకాలిలో లిగమెంట్, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీ, తెంపుకున్నారు. ఆపరేషన్ తర్వాత సెలవులో ఉండి, జిమ్ ఖాళీగా ఉండే మధ్యాహ్నాలే నా దగ్గరికి వచ్చేవారు.

స్ట్రెయిట్ లెగ్ రైజ్ చేయించేదాన్ని. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు పైకెత్తాలి. బరువేమీ ఉండదు. అయినా తొడ వణికేది. ఆయన దాన్ని తువ్వాలుతో కప్పుకునేవారు.

"పిల్లలను గ్రౌండ్ చుట్టూ ఉరికించినోన్ని. గిప్పుడు నా కాలు నాకే లేస్తలేదు బిడ్డా."

"లేస్తది సార్. జర టైం పడ్తది."

ఒకరోజు లోపల ఇంకో పేషెంట్‌ను చూసి బయటికి వచ్చేసరికి సారు లెగ్ ప్రెస్ మీద ఉన్నారు. కాళ్లతో బరువును తోసే యంత్రమది. ఆయన్ను దాని దగ్గరికి నేనింకా పోనివ్వలేదు. రెండు వైపులా బరువు ప్లేట్లు వేసి ఉన్నాయి. పక్కన ఒక యువకుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా సారు మేడం. నాకు కబడ్డీ నేర్పిండు" అన్నాడు. పేరు తిరుపతి. జిమ్‌లో చేరడానికి వచ్చాడట.

"ఆపండి సార్" అన్నాను.

"అయిపోయింది బిడ్డా" అని నవ్వారు. ముఖం నిండా చెమట. తిరుపతి వెళ్లేదాకా అక్కడే కూర్చుని కబుర్లు చెప్పారు. వాడు మెట్లు దిగాక, "నన్ను జర లేపు" అన్నారు మెల్లగా.

మోకాలు ఉబ్బి గట్టిపడి ఉంది. ఎందుకు చేశారని అడిగితే నా వైపు చూడలేదు.

"వాడొకసారి మడిమ బెణికితే దాచుకుని ఆడిండు. దెబ్బ దాచేటోడు టీంకు పనికిరాడని అందరి ముందట తిట్టిన. గిప్పుడు వాని ముందట నేనే దాచిన."

లిగమెంట్ బాగానే ఉందని డాక్టర్ చెప్పారు. వాపు తగ్గేదాకా మాత్రం కాలి వ్యాయామాలు ఆపించారు. సారు రావడమే మానేశారు. ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది.

"అర్రల నుంచి బయటకొస్తలేడమ్మా. ఆపరేషన్ అయిన దినం గూడ గిట్ల లేడు."

బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. "చేతులకు డాక్టర్ వద్దన్లేదు గద సార్" అన్నాను.

ఆయన నేల చూస్తూ, "నీకు మొఖం ఎట్ల చూపియ్యాలె బిడ్డా" అన్నారు.

ఆ తర్వాతి వారం వచ్చారు. ఈసారి సాయంత్రం, జిమ్ నిండుగా ఉన్నప్పుడు. బెంచీ మీద కూర్చుని చిన్న డంబెల్స్ ఎత్తుతున్నారు. తిరుపతి కనబడగానే పిలిచారు.

"ఆనాడు నీ ముందట తక్కువైతనని బరువేసుకున్న. మోకాలు వాసింది. చెప్పలేక నవ్విన."

తిరుపతి వంగి ఆయన మోకాలు చూశాడు. "ఇంకా నొస్తుందా సార్?" అన్నాడు.

"నొస్తున్నది."

అన్ని వారాల్లో ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. మోకాలు నెమ్మదిగా కోలుకుంది. ఇప్పుడు బడికి పోతున్నారు, పరుగెత్తరు గానీ.

అప్పటినుంచి కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కడ నొప్పి అని అడిగి ఊరుకోను. ఎవరు చూస్తే సిగ్గనిపిస్తుందో కూడా అడుగుతాను.