రిఫ్లెక్టర్ మీద స్టిక్కర్

పొద్దున్నుంచి ముసురు. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా వెల్డింగ్ షాపులో రెండు గేట్లకు రంగు వేశాం, ఒక్కటీ ఆరలేదు. తెలంగాణ కోసం చేస్తున్న సమ్మెతో బస్సులు ఆగినప్పటి నుంచి మా బామ్మర్ది యాదగిరి హయత్‌నగర్ నుంచి సైకిల్ మీదే పనికి వస్తున్నాడు. హైవే నిండా లారీలు, వీధిలైట్లేమో వెలగడం లేదు. అందుకే మొన్న అతని వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ నేనే బిగించాను. ఈ సాయంత్రం చూస్తే సరిగ్గా దాని మీద గుండ్రటి జై తెలంగాణ స్టిక్కర్ అంటించి ఉంది.

"గిదేందిరా? ఎనకొచ్చే లారీ డ్రైవర్‌కు నువ్వెట్ల కనబడతవ్?"

"సైజు సక్కగ సరిపోయింది బావా. జై తెలంగాణ కనబడాలె గద!"

"తీసి హ్యాండిల్‌కు అంటియ్యి."

నవ్వి, గోరుతో ఒక అంచు లేపాడు. అంతలో పక్క మందుల షాపు రావుగారు, గుంటూరు మనిషి, మెట్ల మీద నుంచి అన్నారు. "పీకెయ్యవయ్యా, ప్రాణం కంటే ఎక్కువా అది?"

యాదగిరి చెయ్యి ఆగింది. లేచిన అంచును బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"సారు చెప్తె పీకాల్నా? ఇగ అస్సల్ పీక."

రావుగారు మంచికే అన్నారు. అనకుండా ఉంటే ఈపాటికి అది ఊడేది. నేను పీకబోతే, "నువ్వు గూడ అటుదిక్కేనా బావా?" అన్నాడు. నేనూ జెండా పట్టినవాణ్ణే, నా చెయ్యీ వెనక్కి వచ్చింది. ముగ్గురిలో ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి.

పావు తక్కువ ఏడింటికి, చీకట్లో, రిఫ్లెక్టర్ మీద స్టిక్కర్ అలాగే ఉండగా యాదగిరి వెళ్లిపోయాడు.