నాయిన తనిఖీ చేసిన సినిమాలు

పద్నాలుగేండ్ల మా బిడ్డ ఫోన్ తెచ్చి, "నాయినా, ఈ సిరీస్ పదహారు దాటినోళ్లకట, చూడాల్నా?" అన్నది. నాకు మా నాయిన యాదికొచ్చిండు.

ఆయన బొగ్గుబాయిల సర్దార్. దీపం పట్టుకొని ముందు తనే పోయి, ప్రాణం తీసే గ్యాస్ లేదని చూసినంకనే కూలీలను లోపలికి పంపేటోడు. సినిమాలకూ గదే పద్ధతి. పోస్టర్ మీది సర్టిఫికెట్‌ను నమ్మేటోడు కాదు. డ్యూటీ దిగి, సబ్బుకు పోని బొగ్గు కాటుక కండ్లతోనే ఫస్ట్ షో చూసొచ్చి, "ఏం లేదు, పోండ్రి" అంటేనే తెల్లారి మేం పోయేది. మీ ఇండ్లల్ల ఎట్లుండె దోస్తులూ?

ఒక్క పెద్దల సినిమాకు మాత్రం రెండుసార్లు పోయిండు. "ఇంకా గ్యాస్ ఉన్నదా?" అని అమ్మ అడిగితే మొఖం తిప్పుకున్నడు. ఈ ముచ్చట అమ్మ తన కోడలికి గూడ చెప్పింది.

"ముందు నేను చూస్త" అని బిడ్డ దగ్గర ఫోన్ తీసుకున్న. ఐదో ఎపిసోడ్ల ఉండంగ నా భార్య తలుపుకాడ నిలబడి అడిగింది: "గ్యాస్ ఇంకా పోలేదా?"